వారానికి పన్నెండు గంటలు

పెంచలమ్మ మొదటిసారి నోరు తెరిచి నన్ను అడిగింది ఒక జిడ్డు కాగితం.

అది 2008 జనవరి. నేను ఒమాన్‌కి నర్సుగా వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. బహ్లా అనే ఊరి నుంచి ముప్పావుగంట ప్రయాణం ఉండే ఒక పట్నంలో, ఆసుపత్రి డయాలిసిస్ వార్డులో నా డ్యూటీ. మా ఆయన టిమోతి మస్కట్‌లో, రూవిలో స్టోర్‌కీపరుగా పనిచేసేవాడు. సెలవు రోజున వచ్చినప్పుడు అక్కడి ఆంధ్రా కొట్టు నుంచి అప్పడాలూ పచ్చళ్లూ తెచ్చేవాడు. ఆ అప్పడాలకు చుట్టిన తెలుగు పేపరు ముక్కని టిఫిన్ డబ్బా కింద పరుచుకుని భోంచేశాను. తిన్నాక దాన్ని ఉండ చుట్టబోతుంటే మా నర్సుల గది గుమ్మం దగ్గర ఎవరో వచ్చి నిలబడ్డారు.

"అది పారేస్తారా సిస్టర్?"

ఆరో నంబరు మంచం మీది ముసలావిడకి తోడుగా వచ్చే పనిమనిషి. పొడుగు గౌను, తలకి గుడ్డ. ఏ దేశపు మనిషో అప్పటిదాకా నేను పోల్చుకోలేదు.

"తెలుగా నువ్వు? దీంతో ఏం చేసుకుంటావు?"

"సదువుకుంటా."

ఇచ్చేశాను. రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. ఆ కాగితం మీద రబ్బరు చెట్లకి గాటు పెట్టి పాలు ఎలా తీస్తారో సగం వరకు ఉందట. "తరువాయి ఏడో పేజీలో అని రాసినారు. ఏడో పేజీ మీ దగ్గర ఉండాదా?" అని అడిగింది. లేదంటే ఆమె ముఖం చూడాల్సింది. ఇంటి నుంచి ఉత్తరం రాలేదని చెప్పినట్టు అయిపోయింది.

పెంచలమ్మది కడప జిల్లాలో రాయచోటి దగ్గర పల్లె. పదో తరగతి పాసైంది. ఊళ్లో పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పే కార్యక్రమం నడిచిన రోజుల్లో ఆమె కూడా పలకలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆ కార్యక్రమం వాళ్లు ఊరికి ఒక చెక్కపెట్టె నిండా పల్చటి పుస్తకాలు ఇచ్చారట. మలేరియా ఎలా వస్తుంది, నేలలు ఎన్ని రకాలు, రైలింజను ఎలా నడుస్తుంది, గుడ్డులో పిల్ల ఎలా పెరుగుతుంది, ఇలాంటివి. కార్యక్రమం ఆగిపోయినా పెట్టె వాళ్లింట్లోనే ఉండిపోయింది. అన్నీ చదివేసింది, మళ్లీ మళ్లీ చదివింది. కథల పుస్తకాలు ఇష్టం లేదా అని ఒకసారి అడిగాను.

"అవి ఎవురో అనుకొని రాసినెవి గదా సిస్టర్. ఇయ్యి ఉన్నెవి."

భర్త జయరాముడు ఇంకో సంసారం పెట్టుకుని వెళ్లిపోయాక, నాలుగేళ్ల కూతురు ఆశని చెల్లెలు రమణి దగ్గర వదిలి 2006 ఏప్రిల్లో ఇక్కడికి వచ్చింది. రెండేళ్ల ఒప్పందం.

ఆమె ఉండేది బహ్లా బయట ఖర్జూరపు తోటలో ఒక ఇంట్లో. యజమాని నాసర్ ప్రభుత్వాఫీసులో ఉద్యోగి. అతని భార్య షేఖా బడిలో టీచరు. మనుషులు దుర్మార్గులు కాదు. కొట్టలేదు, పస్తులుంచలేదు, జీతం ఆపలేదు. కాకపోతే పొద్దున వాళ్లు పనుల్లోకి వెళ్తూ గేటుకి బయట తాళం వేసి వెళ్లేవారు. పాస్‌పోర్టు వాళ్ల అల్మారాలో ఉండేది. ఫోను నెలకి ఒకసారి, అదీ మేడం పక్కన కూర్చుంటే. ఇరవై నెలల్లో ఆమె ఆ గోడ దాటి చూసింది మా ఆసుపత్రిని మాత్రమే. నాసర్ తల్లి జువైనాకి రెండు కిడ్నీలూ పోయాయి. శని, సోమ, బుధవారాలు, ప్రతిసారీ నాలుగు గంటల సేపు, ఆవిడ రక్తాన్ని మిషను శుభ్రం చేయాలి. ఆ నాలుగు గంటలూ పెంచలమ్మ స్టూలు మీద కూర్చుని మిషను మీద తిరిగే చక్రాన్ని చూస్తూ ఉండేది.

ఆ ఫిబ్రవరిలో రూవిలో మా చర్చికి వచ్చే ఒక తెలుగు ఇంజనీరు కుటుంబం ఇండియాకి తిరిగి వెళ్లిపోతూ రెండు అట్టపెట్టెల పుస్తకాలు వదిలేసింది. ఎవరూ తీసుకోలేదు. టిమోతి కారులో వేసుకొచ్చాడు. తెరిచి చూస్తే ఒక్క నవల లేదు. తేనెటీగలు, పాములు, భూకంపాలు, ఉప్పు చరిత్ర, కాగితం తయారీ, తిమింగలాలు, నక్షత్రాలు, ఇంట్లో కరెంటు మరమ్మతులు, పసిపిల్లల పెంపకం. ఆ పెద్దాయనకి ఏది కనబడితే అది కొనే అలవాటు ఉన్నట్టుంది. నాలుగు తెచ్చి పెంచలమ్మ ముందు పెట్టాను.

ముట్టుకోలేదు. అరచేతులు గౌనుకి తుడుచుకుంది. "ఇయ్యన్నీ నాకేనా?" అంది.

ఇంటికి తీసుకెళ్తే మేడం ఏమంటుందోనని భయం. అందుకని పుస్తకాలు నా లాకరులో ఉండేవి. వార్డులోకి రాగానే ముసలావిడని పడుకోబెట్టి, చెప్పులు మంచం కింద సర్ది, నా దగ్గరికి వచ్చేది. నాలుగు గంటలు కాగానే, వాక్యం మధ్యలో ఉన్నా సరే, పుస్తకం తిరిగిచ్చేయాలి. వారానికి పన్నెండు గంటలు. మిగతా రోజులన్నీ వంటింట్లో గిన్నెలు తోముతూ, చదివినదాన్ని మనసులో మొదటి నుంచీ చెప్పుకునేదట.

జువైనా మొదట్లో చిరాకు పడింది. ఆవిడకి మిషను అంటే చచ్చేంత భయం. ఎవరో ఒకరు తన చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. ఒకరోజు పెంచలమ్మ నక్షత్రాల పుస్తకం చదువుతుంటే, "ఆ చుక్కలేంటి?" అని కసిరింది. పెంచలమ్మ బొమ్మ ఆవిడ ముఖం ముందుకు జరిపింది. ఆవిడ కళ్లు చికిలించి చూసి, సూది లేని చేత్తో ఒక గుత్తి మీద వేలు పెట్టి, "తురయ్యా" అంది.

"ఏమంటాంది సిస్టర్?"

"ఆ చుక్కల గుంపుకి వీళ్ల పేరు. మనం కృత్తికలు అంటామే, అవి."

జువైనా ఇక ఆగలేదు. వాళ్ల నాన్న ఫలజ్ పంచేవాడట. కొండ అడుగు నుంచి తోటలకి నీళ్లు తెచ్చే కాలువని ఇక్కడ ఫలజ్ అంటారు. పగలు నీడని బట్టి, రాత్రి చుక్కలని బట్టి ఏ తోటకి ఎంతసేపు నీళ్లో లెక్క కట్టేవాడు. ఏ చుక్క ఏ కొండ మీదికి వస్తే ఎవరి వంతు అయిపోతుందో ఆవిడకి ఇంకా గుర్తుంది. నేను తెలుగులో చెబుతుంటే పెంచలమ్మ నా జేబులోంచి పెన్ను లాక్కుంది. పుస్తకం అంచున చిన్న అక్షరాలతో రాసుకుంటూ, "ఈ ముక్క ఈయప్ప రాయలేదు సిస్టర్" అంది.

ఆ రోజు నుంచి ఆమె చదవడం, చదివింది ఆవిడకి చెప్పడం మొదలైంది. వంటింటి అరబ్బీ, సగం చేతులతో. జువైనాని ఆమె "అవ్వా" అని పిలిచేది. ఆవిడా దానికి పలికేది. తేనెటీగల దగ్గరికి వచ్చేసరికి పెట్టెల్లో ఈగల్ని పెంచడం విని అవ్వ పగలబడి నవ్వింది. వాళ్లు బోలు ఖర్జూరపు మొద్దులో పెంచేవారట. పాములు పాలు తాగవు అంటే ఒప్పుకోలేదు, రెండు రోజులు అలిగింది. తిమింగలం పిల్లకి పాలిస్తుందంటే మాత్రం కాదనలేదు. నీళ్లలో ఎలా తాగుతుంది అని అడిగింది. పక్క మంచాల వాళ్లు కూడా చెవులు ఇటే వేసేవారు.

అప్పటికి నన్ను పెంచలమ్మ "అక్కా" అనడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ వచ్చింది. ఒప్పందం ముగిసింది. ఆమె మేడంని అడిగింది. "అవ్వకి నయం కానీ, పంపిస్తాం" అన్నారు. సరే అనుకుంది. ఫోనులో ఆశకీ అదే చెప్పింది. అవ్వకి జొరం వస్తే కంగారు పడేది, ఆవిడ కాస్త ఎక్కువ తింటే సంతోషపడేది. అవ్వ దాచుకుని తినే ఖర్జూరాలు, ఆ జబ్బుకి పడవని లాక్కునేది.

ఆగస్టులో నేను ఒక పొరపాటు చేశాను. పొరపాటో కాదో ఇప్పటికీ తెలియదు. అట్టపెట్టెలో కిడ్నీ జబ్బుల మీద ఒక డాక్టరు రాసిన పుస్తకం ఉంది, ఎనభై పేజీలుంటుంది. ఆమెకి పనికొస్తుందిలే అని ఇచ్చాను. రెండు రోజుల్లో అయిపోయింది. పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఈ కిడ్నీలు మళ్లా పనిచేస్తాయా?"

"ఎవరివి?"

"అవ్వవి."

"లేదమ్మా. చెయ్యవు."

"మరి ఈ మిషను ఎన్నాళ్లు?"

"బతికినన్నాళ్లు."

ఆమె పుస్తకంలో ఆ పేజీ తీసి, వాక్యం మీద వేలు పెట్టింది. నేను చెప్పిందీ అదీ ఒకటేనా అని సరిచూసుకున్నట్టు. "ఈడ గూడా అదే ఉండాది" అంది. పుస్తకం మూసి, "మేడం టీచరు గదా అక్కా. ఆమెకు తెలీదా?" అంది.

మందులు సర్దుకునే నెపంతో తల తిప్పుకున్నాను.

ఆమె ఏడవలేదు. కానీ ఆ సాయంత్రం కారెక్కేటప్పుడు తలుపు పట్టుకుని కొండల వైపు చూస్తూ నిలబడిపోయింది. నాసర్ రెండుసార్లు హారన్ కొట్టాల్సి వచ్చింది. వీసా ఇంకో రెండేళ్లకి పొడిగించేశారని తర్వాత తెలిసింది. ఆమెని అడగనే లేదు.

ఆ డిసెంబరులో ఒకరోజు నాసర్ ఒంటరిగా కనిపిస్తే నేనే అడిగాను. ఆమెకి కూతురు ఉంది, ఎప్పుడు పంపిస్తారు అని. అతను మంచివాడే. తల దించుకున్నాడు.

"సిస్టర్, రెండుసార్లు టికెట్ కొంటానన్నాను. మా అమ్మ అన్నం మానేసింది. దాన్ని పంపిస్తే ఆ మిషను దగ్గరికి నేను రాను, ఇంట్లోనే చచ్చిపోతాను అంది. తప్పు మా ఆవిడ మీదికి నెట్టి ఊరుకుంటున్నాను."

"కొత్త మనిషిని తెచ్చుకోవచ్చు కదా?"

"కొత్త మనిషి మా అమ్మకి తిమింగలాల గురించి చెబుతుందా?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పుస్తకాలు తెచ్చింది నేను. ఆ స్టూలు మీద కూర్చున్న మనిషికి కాస్త గాలి ఆడాలని తెచ్చాను. అవే ఆమెని ఇక్కడ కట్టేశాయి.

రెండు నెలలు ఈ మాట కడుపులో పెట్టుకున్నాను. చెబితే చదవడం మానేస్తుందని, ఆమెకున్నది అదొక్కటే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఇంకోటి కూడా ఉంది. పెంచలమ్మ చెప్పడం మొదలుపెట్టాక ఆరో నంబరు మంచం నన్ను ఏ ఇబ్బందీ పెట్టలేదు. వార్డు నిశ్శబ్దంగా ఉండేది. అది నాకు హాయిగా ఉండేది.

ఫిబ్రవరి చివర్లో ఇక ఉండబట్టలేక చెప్పేశాను. అప్పుడు భూకంపాల పుస్తకంలో డెబ్బయ్యో పేజీలో ఉంది. విని, పుస్తకం మూసి, నా చేతిలో పెట్టింది.

"ఇంక వద్దక్కా."

"చదువుకో. ఆవిడకి చెప్పకు, అంతే కదా."

"సదివితే చెప్పకుండా ఉండలేను. అదే నాకుండే రోగం."

వెళ్లి స్టూలు మీద కూర్చుంది. మళ్లీ ఆ చక్రాన్ని చూస్తూ. అవ్వ "చెప్పు" అంది. పెంచలమ్మ దుప్పటి సర్దింది, నీళ్లు ఇచ్చింది, చెయ్యి పట్టుకుంది. నోరు మాత్రం తెరవలేదు. అలా మూడు వారాలు. అవ్వ మొదట కసిరింది, తర్వాత బతిమాలింది. ఒక సోమవారం చెయ్యి విదిలించి గొట్టం లాగేసుకుంది. రక్తం నా గౌను మీదా గోడ మీదా చిమ్మింది. అన్నీ సర్దాను. నా గౌనైనా మార్చుకోకుండా పెంచలమ్మ దగ్గరికి వెళ్లి అన్నాను, "ఏదో ఒకటి చెప్పవే ఆవిడకి. నీ పుణ్యం ఉంటుంది."

ఆమె నా వైపు చూసింది.

"నువ్వు గూడానా అక్కా?"

ఆ మాట తర్వాత నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

బుధవారం వచ్చారు. నాలుగు గంటలు ముగిశాయి. అవ్వని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాను. నాసర్ తలుపు దగ్గర నిలబడి పదమన్నాడు. పెంచలమ్మ లేవలేదు.

"బాబా, నేను రాను" అంది నాసర్‌తో అరబ్బీలో. యజమానిని పనివాళ్లు బాబా అంటారు.

అతనికి అర్థం కాలేదు. మళ్లీ అంది. "నేను పారిపోను. నాకు దారి గూడా తెలీదు. ఈడనే కూర్చుంటా. నన్ను ఎప్పుడు పంపిస్తారో తేదీ చెప్పండి. చెప్పినాక లేస్తా."

నాసర్ ముఖం ఎర్రబడింది. ఇంటికెళ్లి మాట్లాడదాం అన్నాడు. "ఇంట్లో గేటుకు తాళం ఉంటాది" అంది పెంచలమ్మ. వార్డులో పదకొండు మంది రోగులు, వాళ్ల మనుషులు, అందరూ చూస్తున్నారు. ఈ దేశంలో ఆమెని నలుగురు చూసే చోటు అదొక్కటే. ఆమెకి అది తెలుసు. మా డాక్టరు ఎహసాన్ లోపలి నుంచి వచ్చి ఏమిటి గొడవ అన్నాడు. నేను చెప్పాను. ఆమె ఒప్పందం ఎప్పుడు అయిపోయిందో కూడా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

అప్పుడు పెంచలమ్మ స్టూలు దిగి అవ్వ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"అవ్వా, నువ్వేనంట గదా వద్దనింది."

జువైనా కాదనలేదు. "నేనే" అంది.

"నాకు బిడ్డ ఉండాది."

"తెలుసు."

"దానికిప్పుడు ఏడేళ్లు. ఫోన్లో నన్ను ఎవురని అడుగుతాంది."

ముసలావిడ తన చేతి పట్టీ కేసి చూసుకుంది. "నన్ను పదమూడేళ్లకి ఆ ఇంటికి తెచ్చారు. ఉంటావా అని ఎవరూ అడగలేదు. నిన్నూ నేను అడగలేదు" అంది. ఆ తర్వాత కొడుకుని గట్టిగా పిలిచింది. "ఖర్జూరాల కోత కాగానే దీన్ని పంపించు. నేను చెబుతున్నాను. ఈ డాక్టరు ముందు చెబుతున్నాను."

"నెల చెప్పండి" అన్నాడు ఎహసాన్, గోడకున్న క్యాలెండరు తీసి. అతను నవ్వడం లేదు. సెప్టెంబరు అన్నాడు నాసర్. డాక్టరు ఆ పేజీ మీద పెంచలమ్మ పేరు రాసి, క్యాలెండరు మళ్లీ గోడకి తగిలించాడు.

పెంచలమ్మ లేచి, గౌను దులుపుకుని, కుర్చీ తోసుకుంటూ వెళ్లింది.

శనివారం వచ్చి భూకంపాల పుస్తకం అడిగింది. అవ్వ "చెప్పు" అంటే, "నేను సదువుకుంటాండా అవ్వా. చెప్పాలనిపిస్తే చెప్తా" అంది. ఆవిడకి అది మింగుడుపడటానికి చాలా రోజులు పట్టింది. కొన్నాళ్లు మాట లేకుండా పక్కపక్కనే ఉన్నారు. జూన్‌లోనో జులైలోనో, ఉప్పు గురించి చదువుతూ తనకి తెలియకుండానే పైకి చెప్పేసింది. అవ్వ కళ్లు మూసుకుని వింది. నేను కూడా విన్నాను.

కోత అయిపోయింది. సెప్టెంబరు వచ్చింది. రంజాన్ వెళ్లాక చూద్దాం అన్నారు. పెంచలమ్మ ఆ నెలలో సగమైపోయింది. అన్నం సయించేది కాదు. పేజీ తిప్పకుండా ఒకేచోట చూస్తూ కూర్చునేది. వచ్చిన ప్రతిసారీ గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లి తన పేరు అక్కడే ఉందో లేదో చూసుకునేది. పండగ వెళ్లిన వారానికి నాసర్ పాస్‌పోర్టూ టికెట్టూ తెచ్చి నాకు చూపించాడు. నమ్మకం కుదిరిందా అని అడిగాడు. నేను రెండుసార్లు చదివి తిరిగిచ్చాను.

చివరి రోజు అవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. పెంచలమ్మ వంగి నుదుటి మీద ముద్దు పెడితే కూడా తిరగలేదు. నేను పుస్తకాలు తీసుకెళ్లమన్నాను. భూకంపాలదీ నక్షత్రాలదీ తీసుకుంది. కిడ్నీల పుస్తకం వద్దంది.

జువైనా ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికింది. ఒకసారి నన్ను ఏదైనా చెప్పమంది. నేను కాగితం తయారీ గురించి గబగబా నాలుగు ముక్కలు చెప్పాను. "నువ్వు చదివినట్టు లేదు" అని కళ్లు మూసుకుంది. అది నిజమే. అప్పటిదాకా ఆ పుస్తకాల్లో ఒక్కటీ నేను తెరవలేదు.

పెంచలమ్మ ఇప్పుడు కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా. వాళ్లూ డయాలిసిస్ పెట్టారు. మిషను శబ్దాన్ని బట్టి ఏం జరుగుతోందో చెప్పగలదని అక్కడే వేసుకున్నారు. మొన్న ఫోను చేసింది. రోగుల మనుషులు నయమవుతుందా అని ఈమెనే అడుగుతారట. కాదని చెబుతుందట. డాక్టరమ్మ తిడుతుందట.

"ఎందుకే నీకు? డాక్టర్లు చెప్పుకుంటారు కదా."

"తెలుసుకోనీలే అక్కా. లేకుంటే వాళ్లు ఎదురు చూస్తా ఉంటారు."

ఆశ ఎలా ఉందన్నాను. రమణినే అమ్మా అంటోందట, ఈమెని పేరు పెట్టి పిలుస్తోందట. పక్కలో పడుకోవడం మాత్రం ఈ మధ్యే అలవాటైందట. చదువుకుంటున్నావా అని అడిగాను.

"ఏడక్కా, డ్యూటీ పన్నెండు గంటలు. ఆదివారం రోజు ఆశకు సదివి చెప్తాండా. అది సగంలో లేసి టీవీ కాడికి పోతాది."

"మరి నువ్వేం చేస్తావు?"

"మిగిలిన సగం నేను సదువుకుంటా" అంది. ఇంతలో అవతల ఎవరో పిలిస్తే ఫోను పెట్టేసింది.